రామచంద్రఖానీ: ముడుల్లో మిగిలిన మా చరిత్ర

మా అక్క కూతురు ఒక ఆదివారం పొద్దున హైదరాబాదులో తివాచీలు చేయడం నేర్పే చోటికి వెళ్ళి, చీకటిపడేవేళకు పిల్లిబొమ్మ ఉన్న చిన్న తివాచీతో ఇల్లు చేరింది. ‘చూడండి మామూ, నా చేత్తో చేశాను’ అంది. ఆ మొహంలో సంతోషం చూసి మాకూ సంతోషమేసింది. పగలంతా కంప్యూటరు ముందు కూర్చునే పిల్ల, ఒక్క పూటైనా రంగునీ నూలునీ చేతుల్లోకి తీసుకుంది.

ఆ పనిని టఫ్టింగ్ అంటారు. చెక్క చట్రానికి మందపాటి గుడ్డను డప్పుతోలు బిగించినట్టు బిగిస్తారు. దాని మీద బొమ్మ గీసుకుంటారు. డ్రిల్లింగ్ మెషీన్‌లాంటి కరెంటు తుపాకీకి నూలు పోగు ఎక్కించి, గీత వెంబడి గుడ్డలోకి కొట్టుకుంటూ పోతారు. పోగు రెండోవైపు గుబురుగా లేస్తుంది. మనకు కనిపించేది వెనకవైపు కాబట్టి బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి గీసుకోవాలి. అంతా అయ్యాక వెనక జిగురు పూసి, ఇంకో గుడ్డ అంటించి, పైన కత్తెరతో సమం చేస్తారు. 2020 కరోనా తర్వాత ఈ సరదా ప్రపంచమంతా పాకింది. మన నగరాలకూ వచ్చింది.

‘తివాచీలు మన దగ్గర ఎక్కడ చేసేవాళ్ళో చెప్పారా?’ అని అడిగాం. ‘పర్షియా నుంచి వచ్చిన కళ అని చెప్పారు’ అంది. ‘మరి ఏలూరు?’ అన్నాం. ‘ఏలూరా? అక్కడేముంది?’ అంది అమాయకంగా.

తప్పు ఆ పిల్లది కాదు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఏలూరు తివాచీ ఉంటే ఒక ముక్కలో ఉంటుంది, నేసినవాడు ఆ ముక్కలో ఉండడు. మన ముస్లిం ఇళ్ళలో కూడా ఆ మాట రాదు. అందుకే ఈ వ్యాసం. ఆమెకు చెప్పాల్సిన జవాబు మా అందరికీ మేము చెప్పుకోవాల్సిన జవాబు కూడా.

ముడి అంటే ఏమిటి

ముందు పని సంగతి చూద్దాం. పనిని వదిలేసి కళను పొగడటం మనకు బాగా అలవాటైన జబ్బు.

టఫ్టింగ్‌లో గుడ్డ ముందే ఉంటుంది. పోగును దానిలోకి దించుతారు, జిగురు దాన్ని పట్టి ఉంచుతుంది. ఏలూరు తివాచీలో ముందుగా గుడ్డ అనేదే లేదు. నిలువు మగ్గానికి నూలు పడుగు బిగించి ఉంటుంది. నేతగాడు కింద పలక మీద కూర్చుని, రెండు పడుగు పోగులు పట్టుకుని, వాటికి ఉన్ని పోగును చుట్టి, రెండు కొసలూ ముందుకు లాగి, కత్తితో తెంపుతాడు. అది ఒక ముడి. పక్కన ఇంకో ముడి. ఒక వరస పూర్తయ్యాక అడ్డంగా పేక పోగు దూర్చి, పళ్ళున్న పంజాతో దిగ్గొడతాడు. మళ్ళీ ఇంకో వరస. ముడి ముడికీ గుడ్డ పుట్టుకొస్తుంది. బొమ్మా గుడ్డా ఒకేసారి తయారవుతాయి. అందుకే మంచి తివాచీని వెనక్కి తిప్పి చూస్తే అదే బొమ్మ అటువైపూ కనబడుతుంది. దాచడానికి జిగురూ లేదు, అస్తరు గుడ్డా లేదు.

లెక్క వేసి చూడండి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న తివాచీ అంటే 3,456 చదరపు అంగుళాలు. అంగుళానికి 60 ముడులు అనుకుంటే మొత్తం 2,07,360 ముడులు. చేయి తిరిగిన మనిషి రోజుకు ఆరువేల ముడులు వేస్తాడనుకున్నా ఒక్కడికి 35 రోజులు పడుతుంది. మా పిల్ల పిల్లిబొమ్మకు ఒక ఆదివారం పట్టింది. ఆమెను చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. రెండూ తివాచీలే అయినా, ఒకదానిలో ఎంత మనిషి కాలం ఇమిడి ఉందో తెలియాలని అంటున్నాం.

బందరు నుంచి క్యోటో దాకా

గోల్కొండ కుతుబ్‌షాహీలకు సముద్ర ద్వారం మచిలీపట్నం. ఇరాన్ వర్తకులు, పండితులు, సిపాయీలు ఆ రేవులోనే దిగి హైదరాబాదు దారి పట్టేవారు. 17వ శతాబ్ది మొదట్లోనే డచ్చివాళ్ళు అక్కడ కొట్లు తెరిచారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. వాళ్ళు కొన్నది ఎక్కువగా అద్దకపు బట్టలే. వాటితోబాటు ఓడలకెక్కిన సరుకుల్లో తివాచీలూ ఉన్నాయి. బయటి దేశాల్లో వాటికి మచిలీపట్నం తివాచీలని పేరు. రేవు పేరు సరుకుకు అంటుకుంది. నేసిన ఊళ్ళలో ముఖ్యమైనది ఏలూరు.

డచ్చి కంపెనీ ఉద్యోగి డేనియల్ హావర్ట్ కోరమాండల్ తీరంలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. 1693లో అచ్చయిన అతని పుస్తకంలో ఏలూరు తివాచీల ప్రస్తావన ఉంది. వాటిని నేసేవాళ్ళు వందేళ్ళకు పూర్వం వచ్చిన పర్షియన్ ముస్లింల సంతతి అని రాశాడు. అంటే అప్పటికే ఈ పని ఏలూరులో తరాలు దాటింది.

ఆ కాలపు దక్కను తివాచీలు ఎక్కడిదాకా వెళ్ళాయో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. జపాన్ తన తలుపులు మూసుకున్న రోజుల్లో యూరపువాళ్ళలో డచ్చివాళ్ళకు మాత్రమే నాగసాకి దగ్గర చిన్న దీవిలో వ్యాపారానికి అనుమతి ఉండేది. వాళ్ళ ఓడల్లో మన దక్కను తివాచీలు అక్కడికి చేరాయి. క్యోటో నగరంలో ఏటా జూలైలో జరిగే గియోన్ పండుగలో పెద్ద పెద్ద రథాలు ఊరేగుతాయి. ఆ రథాలకు చుట్టూ వేలాడగట్టే పాత తివాచీల్లో కొన్ని దక్కనులో నేసినవని పరిశోధకులు గుర్తించారు. వాటి మీద 1992లో ఒక అధ్యయనమే వెలువడింది. దక్కను చేతులు వేసిన ముడులు ఇంకో మతంవాళ్ళ దేవుడి ఊరేగింపులో మూడువందల ఏళ్ళుగా భద్రంగా ఉన్నాయి. క్యోటో వీధుల్లో ఆ తివాచీని అంటరానిదన్నవాడు లేడు.

1992 అనగానే మాకు ఇంకో సంగతి గుర్తుకు రాకమానదు. ఆ ఏడు డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చారు. అప్పటి నుంచి మమ్మల్ని అడిగే ప్రశ్నలు మరీ సూటిగా మారాయి. ‘మీ పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారు?’ అన్నది వాటిలో మొదటిది. అద్దె ఇంటి గుమ్మంలో అడిగారు, ఆఫీసు టీ బల్ల దగ్గర అడిగారు. ‘మీ తెలుగు చాలా బాగుందే!’ అని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఆ ప్రశ్ననే ఇంకోలా అడిగారు.

వచ్చారు సరే, తర్వాత?

ఏలూరు తివాచీ గురించి ఏ పుస్తకం తీసినా మొదటి వాక్యం ‘పర్షియా నుంచి వచ్చినవారు’ అనే ఉంటుంది. ఆ మాటలో నిజం లేదని మేము అనడం లేదు. వచ్చినవాళ్ళు వచ్చారు. కానీ నాలుగువందల ఏళ్ళుగా ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. ఏ ఊరి నీళ్ళు తాగారు, ఎవరితో బేరమాడారు, ఏ భాషలో తిట్టుకున్నారు, ఎవరికి అప్పుపడ్డారు అన్నవి ఆ పుస్తకాలకు అక్కర్లేదు. ఈ ఊళ్ళోనే పుట్టి ఈ ఊళ్ళోనే మట్టిలో కలిసిన పదిహేను ఇరవై తరాల మనుషుల్ని ఒక్క వాక్యం ఓడ దిగిన రోజు దగ్గరే నిలబెట్టేసింది.

ఏలూరు నేతగాళ్ళు మాత్రం తమ చరిత్రను ఇంకోచోట రాసుకున్నారు. తివాచీ నమూనాల పేర్లలో రాసుకున్నారు. ఆ పేర్లు వినండి: హాషింఖానీ, రామచంద్రఖానీ, గోపాల్‌రావు, జంపాల్. ఆదరించినవాళ్ళ పేర్లు నమూనాలకు పెట్టుకోవడం వాళ్ళ ఆనవాయితీ. ఖాన్ పేరున్న నవాబు నమూనాకు ఖానీ అనే తోక రావడం సహజం. ఆ తోకను రామచంద్రుడికీ తగిలించారు చూశారా, అక్కడుంది మా కథంతా. ఇటు తెలుగు పేరు, అటు ఫారసీ తోక, మధ్యలో ముడి. ఆ ముడి వేసినవాడికి తానెక్కడివాడో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇలాంటి పనే కవులూ చేశారు. ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. ఆయన వంశం ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చింది. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడిని చేశారు. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నగంటి తెలగన్న ఒక్క సంస్కృత పదం లేకుండా అచ్చతెలుగులో రాసిన యయాతి చరిత్రను అంకితం పుచ్చుకున్నది పటాన్‌చెరువు ప్రభువు అమీన్‌ఖాన్. కవులు ఇరానీ రాజు పేరును తెలుగు చేస్తే, నేతగాళ్ళు తెలుగు ఆదరువు పేరును ఫారసీ చేశారు. కవుల సంగతి సాహిత్య చరిత్రలోకి ఎక్కింది. నేతగాళ్ళ సంగతి గుమ్మం దగ్గర కాళ్ళ కింద ఉండిపోయింది.

ఇక్కడ మా వాళ్ళతోనూ ఒక మాట తేల్చుకోవాలి. పర్షియా కథను మా మీద రుద్దినవాళ్ళు బయటివాళ్ళు మాత్రమే అనుకుంటే అబద్ధమవుతుంది. ఇరాన్, అరేబియా, బుఖారా అని వంశవృక్షాలు గీసుకుని మురిసిపోయే జబ్బు మా ఇళ్ళలోనూ ఉంది. సయ్యదు ఇంటివాడు నేతగాడి ఇంట్లో సంబంధం కలుపుకోడు. దూది ఏకే దూదేకులవాళ్ళను సాటి ముస్లింలుగా ఎంచని రోజులు మా కళ్ళ ముందే ఉన్నాయి. పడుగుకు దూది ఏకినవాడు, గొర్రె ఉన్ని కత్తిరించినవాడు, రంగు కాచినవాడు, ముడి వేసినవాడు లేకుండా ఏ నవాబు తివాచీ మీద కూర్చున్నాడు? దర్బారును చూసి గర్వపడేవాళ్ళం మగ్గాన్ని చూసి మొహం తిప్పుకున్నాం. చరిత్ర మమ్మల్ని మరిచిందని ఫిర్యాదు చేసే ముందు, మేము ఎవరిని మరిచామో చెప్పుకోవాలి.

జైలు మగ్గాలు

వరంగల్ కథ మరికొంత దూరం తీసుకుపోతుంది. మొగలు సేనలతో వచ్చిన పనివాళ్ళు అక్కడ తివాచీ నేతను పెట్టారని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్ళాయి. అక్కడి మెప్పుతోబాటు తెల్లవాళ్ళ గిరాకీ వచ్చింది. గిరాకీతో తొందర వచ్చింది. 1856లో ఇంగ్లండులో మొదటి కృత్రిమ రంగు పుట్టింది. నీలి, లక్క, దానిమ్మతొక్కలతో రోజుల తరబడి కాచి తీసే రంగుల స్థానంలోకి డబ్బాల రంగులు దిగాయి. నమూనాలు కొనేవాళ్ళ ఇష్టానికి మారాయి.

అంతకంటే పెద్ద దెబ్బ జైళ్ళ నుంచి తగిలింది. ఆగ్రా, లాహోర్, ఎరవాడ జైళ్ళలో ఖైదీల చేత తివాచీలు నేయించారు. విక్టోరియా మహారాణి పాలన స్వర్ణోత్సవం కోసం ఆగ్రా జైల్లో నేసిన బ్రహ్మాండమైన తివాచీ విండ్సర్ కోటలో పరిచారు. కూలి ఇవ్వక్కర్లేని చేతులతో కూలి మీద బతికే చేతులు ఎలా పోటీపడతాయి? సర్ జార్జ్ బర్డ్‌వుడ్ సామ్రాజ్యానికి నమ్మకస్తుడైన అధికారి. భారతదేశపు పారిశ్రామిక కళల మీద 1880లో రాసిన గ్రంథంలో ఆయన కూడా మచిలీపట్నం తివాచీల పాత వైభవాన్ని తలుచుకుని, జైలు మగ్గాలూ యూరపు గిరాకీ ఈ కళను పాడుచేశాయని వాపోయాడు.

వరంగల్ సెంట్రల్ జైలు 19వ శతాబ్ది చివర్లో కట్టింది. అక్కడి ఖైదీలు కూడా తరతరాలుగా తివాచీలూ జంపఖానాలూ నేశారు. ఆసుపత్రి కట్టడానికి 2021లో ఆ జైలును పడగొట్టారు.

జంపఖానా అన్నాం కదా. దానికి ముడులుండవు, గుబురు ఉండదు. పడుగు పేకలతో బల్లపరుపుగా నేస్తారు. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద తివాచీ తగ్గి జంపఖానా మిగిలింది. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలుగువాళ్ళ జీవితంలో జంపఖానా లేని చోటు ఏది? పెళ్ళిలో పరుస్తారు, పంచాయితీలో పరుస్తారు, బుర్రకథ దగ్గర, పార్టీ మీటింగు దగ్గర, ఆఖరికి చావు ఇంటి ముందు పరుస్తారు. దాని మీద పక్కపక్కన కూర్చున్నవాళ్ళలో ఎవరూ దాన్ని పరాయిదనుకోలేదు. జంపఖానా తెలుగుదైపోయింది. నేసినవాడు మాత్రం ఎప్పటికప్పుడు రుజువులు చూపిస్తూనే ఉండాలి.

ఎవరి వేళ్ళు

మా సెక్యులర్ మిత్రులు ఇక్కడ మెత్తబడతారు. గంగా జమునా తెహజీబ్ అంటారు, బిర్యానీ అంటారు, ముషాయిరా అంటారు. వాళ్ళ ప్రేమను కాదనం. కానీ కళను ముద్దుచేసి కూలిని మరిచిపోయే ప్రేమ మాకు చాలదు.

తివాచీ వెనక ఉన్న చేదు నిజం చిన్నపిల్లల వేళ్ళు. సన్నని ముడికి సన్నని వేళ్ళు కావాలని చెప్పి దేశంలో తివాచీలు నేసే చాలాచోట్ల ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని మగ్గం ముందు కూర్చోబెట్టారు. 1986 బాల కార్మిక చట్టం పిల్లలు చేయకూడని పనుల జాబితాలో తివాచీ నేతను చేర్చింది. 1994లో పిల్లల చేయి పడని తివాచీలకు రగ్‌మార్క్ ముద్ర వచ్చింది. ఇవి రావాల్సినవే. ఆలస్యంగా వచ్చాయి. పిల్లవాడి చేతిలో కత్తి తీసేసిన చట్టం, అదే వేగంతో పలక పెట్టలేదు. తండ్రికి కూలి పెంచలేదు. మగ్గం దిగిన పిల్లలెందరో మెకానిక్ షెడ్డుకీ, పళ్ళబండికీ చేరారు. 2006లో సచార్ కమిటీ నివేదిక ఇచ్చినప్పుడు దేశమంతా ఉలిక్కిపడినట్టు కనిపించింది. ముస్లింలు చదువులో వెనకబడ్డారనీ, జీతపు ఉద్యోగాల్లో తక్కువగా, చేతిపనుల్లో, చిన్న స్వంత పనుల్లో ఎక్కువగా ఉన్నారనీ ఆ నివేదిక చెప్పింది. మా గల్లీల్లో ఉలిక్కిపడినవాళ్ళు లేరు. అది మాకు వార్త కాదు.

ప్రపంచంలో పెద్ద పెద్ద మ్యూజియాల గోడల మీద దక్కను తివాచీలున్నాయి. పక్కన చిన్న అట్ట మీద ప్రాంతం ఉంటుంది, శతాబ్దం ఉంటుంది, దానం చేసినవాళ్ళ పేరు ఉంటుంది. నేసినవాడి పేరు ఉండదు. నమూనాకు ఆదరించినవాడి పేరు, సరుకుకు రేవు పేరు, కళకు పర్షియా పేరు. మధ్యలో రెండు లక్షల ముడులు వేసిన మనిషికి పేరే లేదు.

అక్కడ సరదా, ఇక్కడ బతుకు

మా పిల్ల నేర్చుకున్న టఫ్టింగ్‌కూ ఒక చరిత్ర ఉంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ దగ్గర కేథరీన్ ఎవాన్స్ అనే పల్లెపిల్ల 1895లో, పదిహేనేళ్ళ వయసులో, పాతకాలపు దుప్పటి ఒకటి చూసి అలాంటిదే గుబురు కుట్లతో చేసింది. 1900లో ఒక దుప్పటిని రెండున్నర డాలర్లకు అమ్మింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు నేర్పింది. ఇంటింటి పని అయింది, తర్వాత యంత్రాలు వచ్చాయి, దుప్పట్ల నుంచి తివాచీలకు మళ్ళింది. డాల్టన్ ఈనాడు తివాచీల రాజధాని. ఆ అమ్మాయి పేరు ఆ ఊరికి గుర్తుంది.

అక్కడ చేతి సరదా పరిశ్రమ అయి ఊరిని బతికించింది. మన దగ్గర ఊరిని బతికించిన పని కనుమరుగవుతోంది. అదే సమయంలో దాని యంత్రపు చెల్లెలు సరదాగా మారి, ఫీజు కట్టగలిగినవాళ్ళ ఆదివారాన్ని నింపుతోంది. ఈ మలుపులో కసి తెచ్చుకోవాలని మాకు లేదు. చేతిపని చేయాలన్న కోరిక మనిషిలో చచ్చిపోలేదని ఆ పిల్లి తివాచీ చెబుతోంది. ఆ కోరికకు ఏలూరు దారి చూపించేవాళ్ళు లేకపోవడమే బాధ. ఆదివారం నేర్పే చోట ఏలూరు నేతగాడు ఉస్తాదుగా కూర్చుని, తన పేరుతో, తగిన జీతంతో ముడి నేర్పిస్తే ఎవరు వద్దంటారు? చేనేత అంటే చీరే అనుకునే ప్రభుత్వాలు తివాచీ మగ్గాన్నీ ఆ లెక్కలోకి తెస్తే ఏం పోతుంది?

ఇంకో మాట. మా ఇళ్ళలో జానమాజులు తీసి చూడండి. గల్ఫుకు వెళ్ళిన తమ్ముడో, ఉమ్రా చేసొచ్చిన ఖాలానో తెచ్చినవి. యంత్రం మీద నేసినవి, నునుపుగా మెరుస్తుంటాయి. నమాజుకు అవీ సరిపోతాయి. కానీ నలుగురు కలిసి మసీదుకు కొనే సఫ్ తివాచీల్లో ఒక్కటైనా మన ఊరి మగ్గం మీద నేయించాలని ఎన్ని కమిటీలు అనుకున్నాయి? ఇరాన్ పేరు చెప్పుకుని గర్వపడటం తేలిక. ఏలూరులో బయానా ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాలి.

ఆ మధ్య మా పిల్లను ఏలూరు తీసుకెళ్ళాం. తంగెళ్ళమూడి వైపు అడుగుకుంటూ పోయి, మిగిలిన మగ్గాల్లో ఒకదాని ముందు కూర్చోబెట్టాం. మగ్గం మీదున్న పెద్దాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. ‘దో తాగే పకడో బేటీ, రెండు పోగులూ కలిసి రావాల’ అని ఒకే వాక్యంలో రెండు భాషలు మాట్లాడాడు. ఆమె పదకొండు ముడులు వేసేసరికి ఆయన వరస ముగించాడు. ఆమె ముడుల్లో రెండు వదులుగా ఉంటే విప్పి మళ్ళీ వేయించాడు.

మీ వాళ్ళు పర్షియా నుంచి వచ్చారట కదా అని ఆమె అడిగింది. అలాగే అంటారమ్మా అన్నాడాయన. తన తండ్రిది ఏలూరే, తాతదీ ఏలూరే, అంతకంటే వెనక్కి పోతే తనకు పని గుర్తుంది గాని ఊరు గుర్తులేదన్నాడు. తర్వాత మగ్గం మీది బొమ్మ పేరేమిటని అడిగింది. ఆయన పంజా పక్కన పెట్టి, తలెత్తకుండానే చెప్పాడు, రామచంద్రఖానీ అని.